పడుకోవడానికో వ్యాను, వెనక చీరల ట్రైలరు: పాత బండి కొన్న నా అనుభవం

నాకు చీరల స్టాల్ ఉంది. దుకాణం కాదు, స్టాలే. ఉగాది, సంక్రాంతి సంబరాలు, గుళ్ళలో బ్రహ్మోత్సవాలు, సంఘాల మహాసభలు, ఎక్కడ నాలుగు వందల మంది తెలుగువాళ్ళు పోగైతే అక్కడికి మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి చీరలు పట్టుకెళ్ళి రెండు మూడు రోజులు టేబుల్ వేసుకుంటాను. మేం ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. పదకొండేళ్ళుగా ఇది నా చేతి ఖర్చుల వ్యవహారం. 2024 అక్టోబర్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. 54 ఏళ్ళ మనిషికి మళ్ళీ ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు, అబ్బాయి చదువు ఇంకా రెండేళ్ళుంది, ఇంటి లోను అలాగే ఉంది. దాంతో చేతి ఖర్చుల వ్యవహారం కాస్తా ఇల్లు గడిచే వ్యవహారం అయి కూర్చుంది.

ఒక రాత్రి ఇద్దరం పాత బిల్లులన్నీ ముందేసుకున్నాం. బయటి ఊరు వెళ్ళిన ప్రతిసారీ హోటల్‌కి మూడు రాత్రులకి నాలుగు వందల డాలర్లు, అద్దె వ్యానుకి మూడు వందలు, స్టాల్ ఫీజు వేరే. బాగా అమ్మిన వారం కూడా మిగిలిందాంట్లో సగం పడుకోవడానికీ తిరగడానికీ పోయింది. అప్పుడు ఆయనే అన్నాడు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఇల్లు అద్దెకిచ్చేసి, ఓ పాత బండి కొనుక్కుని అందులోనే ఉందామా అని. నేను నవ్వాననుకుంటున్నారేమో, నవ్వలేదు. నాకు ముందే ఆ ఆలోచన ఉంది, చెప్పడానికి మొహమాటపడ్డానంతే. బడ్జెట్ పన్నెండు వేలు అనుకున్నాం, ట్రైలర్ కాకుండా.

ట్రైలర్ ఎందుకు, ఓ పెద్ద ట్రక్కు కొని సరుకూ మనుషులూ అందులోనే సర్దుకోవచ్చుగా అని చాలామంది అడిగారు. కారణం పోపు. నిజంగానే. రెండేళ్ళ క్రితం మా సియన్నా మినీవ్యానులో చీరల పెట్టెల పక్కన పులిహోర డబ్బా పెట్టుకుని హ్యూస్టన్ వెళ్ళాం. స్టాల్ దగ్గర ఒకమ్మాయి గద్వాల చీర మడత విప్పి, వాసన చూసి, "ఆంటీ, ఇంగువ వాసనేస్తోంది" అంది. ఆ చీర ఆ రోజు అమ్ముడుపోలేదు, దాని పక్కనున్నవీ పోలేదు. పట్టుకి వాసన పట్టిందంటే వదలదు. వంట చేసుకుని పడుకునే చోట చీరలు ఉండకూడదు, ఇందులో బేరం లేదు. అందుకే మనుషులు ముందు, చీరలు వెనక.

ముందు ట్రైలర్ కొన్నాం, అదే మంచిదైంది. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, మూసి ఉండే రకం, ఒకే ఇరుసు. ఖాళీ బరువు 1,400 పౌండ్లు, సరుకుతో కలిపి 2,990 దాటకూడదు. ఈ 2,990 అనే అంకె చాలా ట్రైలర్ల మీద కనిపిస్తుంది, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. మాకు దొరికినదానికి పాత ఓనరు ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించుకున్నాడు, 3,400 డాలర్లకి వచ్చింది. చీరల లెక్క ఎలా వేశానంటే, బాత్రూమ్ తూకం మీద పాతిక చీరల కట్ట పెడితే పదిహేను కిలోలు తూగింది, అంటే చీరకి సుమారు ఆరు వందల గ్రాములు. ఏడు వందల చీరలకి 420 కిలోలు, పౌండ్లలో తొమ్మిది వందల పైన. టేబుళ్ళు, హ్యాంగర్ల స్టాండ్లు, నిలువుటద్దం, లైట్లు, బొమ్మలు ఇంకో ఐదు వందలు. మొత్తం 2,800 దాకా.

మా 2015 సియన్నా 3,500 పౌండ్లు లాగుతుందని మాన్యువల్‌లో ఉంది. ఇంకేం కావాలి, వెనక సీట్లు తీసేసి పరుపు వేస్తే సరి, కొత్త బండే అక్కర్లేదు అనుకున్నాం. ట్రైలర్ అమ్మిన పెద్దాయన, ఆయిల్ బావుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, మా మాటలు విని ఏమీ అనకుండా వెళ్ళి మా సియన్నా డ్రైవర్ తలుపు తెరిచాడు. తలుపు ఫ్రేమ్ మీద తెలుపు పసుపు స్టిక్కర్ ఒకటుంటుంది, టైర్లలో గాలి ఎంతుండాలో రాసేది. అందులో పైన ఓ వాక్యం, మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించకూడదని. పదేళ్ళుగా ఆ తలుపు తీస్తున్నాను, ఒక్కసారీ చదవలేదు. మాదానికి 1,160 పౌండ్లు.

"మీరిద్దరూ ఎంత బరువుంటారు?" అన్నాడు. నేను పది పౌండ్లు తగ్గించి చెప్పాను, మా ఆయన నా వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. ఇద్దరికీ 310 రాసుకున్నాడు. మంచం, పరుపు, నీళ్ళు, బ్యాటరీ, స్టవ్వు, వంట సామాను, బట్టలు, ఓ ఏడు వందలు వేసుకోండి అన్నాడు. మేం ఎక్కువనుకున్నాం, తర్వాత తూస్తే అంతకన్నా ఎక్కువే వచ్చింది. ఆ పైన ట్రైలర్ ముక్కు బరువు. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ట్రైలర్ తగిలించే హిచ్ బంతి మీద, అంటే మన బండి మీద కూర్చుంటుంది. మా లెక్కకి మూడు వందల పైనే. కూడితే 1,300 దాటింది. లాగే శక్తి ఉంది, మోసే శక్తి లేదు. ఈ రెండూ వేర్వేరని నాకు ఆ రోజే తెలిసింది. బండి అమ్మేవాళ్ళందరూ మొదటిదే చెప్తారు, ఎందుకంటే ఆ అంకె పెద్దగా ఉంటుంది.

అప్పట్నుంచి ఏ బండి చూడ్డానికి వెళ్ళినా ముందు తలుపు తెరిచి స్టిక్కర్ ఫోటో తీసుకోవడం మొదలుపెట్టాను. అమ్మేవాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

జనవరి నుంచి మార్చి దాకా పద్నాలుగు బండ్లు చూశాం. అన్నీ చెప్పను. నిలబడగలిగేంత ఎత్తున్న ట్రాన్సిట్, ప్రోమాస్టర్ లాంటి వ్యాన్లు చూస్తే ప్రాణం లేచొచ్చేది, కానీ మా డబ్బుకి వచ్చేవన్నీ రెండు లక్షల మైళ్ళు దాటిన కొరియర్ బండ్లే. డీజిల్ వ్యాన్ల ఇంజన్ గట్టిదే కావచ్చు, పొగ శుభ్రం చేసే సామాను చెడితే బాగుచేసేవాడు ప్రతి ఊళ్ళో దొరకడు, మేం ఉండబోయేదేమో ప్రతి ఊళ్ళోనూ. పికప్ ట్రక్కు వెనక కప్పు వేసుకుని పడుకోవచ్చన్నారు. వర్షంలో దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి వెనక ఎక్కాలి, నా మోకాళ్ళకి కుదరదు. సబర్బన్ 2500 అనే పెద్ద ఎస్‌యూవీ ఒకటి దాదాపు తీసుకునేవాళ్ళమే. లాగుతుంది, మోస్తుంది, కానీ లోపల కూర్చుంటే తల తగులుతుంది. రెండు రాత్రులైతే సరే, ఏడు నెలలు పాకుతూ బతకాలా?

హ్యూస్టన్ శివార్లలో చూసిన బండి గురించి మాత్రం చెప్పాలి. ధర మిగతావాటికన్నా రెండు వేలు తక్కువ, లోపల తళతళలాడుతోంది, కొత్త కార్పెట్. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఆ కొత్త కార్పెటే నచ్చలేదు. అంత పాత బండిలో ఎవరు కార్పెట్ మారుస్తారు? పాత చీరకి కొత్త ఫాల్ కుట్టి తెస్తే మనం అంచు తిరగేసి చూడమా, అలాగన్నమాట. మెకానిక్ చెప్పిన చిట్కా గుర్తొచ్చి సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాను. ఆఖరి అడుగున్నర మట్టి రంగులో ఉంది, మరకకి గీత గీసినట్టు అంచు కూడా ఉంది. సీటు కింద బోల్టులు తుప్పు. స్పేర్ టైరు దగ్గర ఎండిన ఒండ్రు. వరదలో మునిగిన బండి. చేతిలో పెట్టిన టైటిల్, అంటే యాజమాన్య పత్రం మాత్రం శుభ్రంగా ఉంది. బయటికొచ్చి ఫోన్‌లో వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబర్ కొట్టి కొన్ని డాలర్లకి రిపోర్టు తీస్తే పాత రాష్ట్రంలో సాల్వేజ్, అంటే పాడైపోయిన బండి అన్న ముద్ర పడినట్టుంది. రాష్ట్రం మారి కొత్త టైటిల్ తీసేటప్పుడు ఆ ముద్ర ఎక్కడో జారిపోయింది. 2017లో హార్వీ తుపాను తర్వాత ఇలాంటివి లెక్కలేనన్ని సంతలోకి వచ్చాయని అందరూ చెప్తారు, ఒకటి చేత్తో ముట్టుకుని చూస్తే గానీ ఒంటికి పట్టదు. బీమా మోసాలు పట్టే ఎన్ఐసీబీ వాళ్ళ సైట్‌లో ఉచితంగా వీఐఎన్ చూసుకోవచ్చు, దాంట్లో కనబడలేదు కదా అని మాత్రం ఊరుకోకండి.

చివరికి దొరికింది చర్చి వ్యాను. ఫోర్ట్‌వర్త్ అవతల ఓ చిన్న చర్చి వాళ్ళది, 2011 షెవర్లే ఎక్స్‌ప్రెస్ 3500, పొడుగు రకం, పదిహేను సీట్లు, 6.0 లీటర్ల వీ8 ఇంజన్, 97 వేల మైళ్ళు. ఆదివారాలూ వేసవి క్యాంపులూ తప్ప తిరగలేదు. ఎందుకు అమ్ముతున్నారంటే ఇన్సూరెన్సు. పదిహేను సీట్ల వ్యాన్లు నిండా జనంతో బోల్తాపడే ప్రమాదం ఎక్కువని రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2001 నుంచే హెచ్చరిస్తూ వచ్చింది, బీమా కంపెనీలు వాటికి మొహం చిట్లిస్తాయి. మాకు అదే కలిసొచ్చింది. మేం పదిహేను మందిమి కాదుగా. ఆ హెచ్చరికలో మాకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది, బరువు వెనక ఇరుసు దాటి పెట్టకూడదు, నెత్తిన అసలే పెట్టకూడదు. నీళ్ళ డబ్బాలు, బ్యాటరీ అన్నీ వెనక చక్రాలకి ముందు, నేల మీదే ఉండాలని అప్పుడే రాసుకున్నాం.

స్టిక్కర్ మీద 3,100 పైచిలుకు. పైగా సీట్లు తీసేస్తే వాటి బరువు కూడా మనకే మిగులుతుంది. ముందు సీట్ల వెనక దాదాపు పన్నెండడుగుల నేల, చుట్టూ కిటికీలు, అన్నిటికన్నా ముఖ్యం వెనక వేరే ఏసీ. సరుకు వ్యాన్లలో ఇది సాధారణంగా ఉండదు, టెక్సస్ జూలైలో దాని విలువ తెలుస్తుంది. ఎత్తు నాలుగున్నర అడుగులే, వంగే తిరగాలి. నేను ఐదడుగుల రెండంగుళాలు, ఆయన ఐదడుగుల పది. వంగడం ఆయనకే ఎక్కువ.

పొద్దున్న తొమ్మిదికి వస్తామని చెప్పి, ఇంజన్ వేడి చేయొద్దని బతిమాలుకున్నాం. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ముందే వేడి చేసి ఉంచితే చల్లటి ఇంజన్ చేసే చప్పుళ్ళు మనకి వినబడవు. గేర్ ఆయిల్ ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. 2010 నుంచి ఈ వ్యాన్లకి ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది, అంతకుముందు నాలుగే, అందుకే మేం ఆ ఏడాదికి ముందువి చూడటం మానేశాం. టైర్లు చూడ్డానికి కొత్తవిలా ఉన్నాయి, కానీ పక్కన డాట్ కోడ్ చివర 2316 అని ఉంది. 2016లో 23వ వారం తయారైనవి, తొమ్మిదేళ్ళు దగ్గరపడ్డాయి. బండి తిరగకపోతే టైరు అరగదు, ముసలిదవుతుంది. ఇది చూపించి ధర తగ్గించమన్నాను. 9,900 అన్నవాళ్ళు 9,200కి వచ్చారు. నిజానికి ఇంకో రెండు వందలు తగ్గేవి, ఆ చర్చి పెద్దాయన "మా పిల్లలు ఇందులోనే పెరిగారమ్మా" అనేసరికి నా నోరు పడిపోయింది. మెకానిక్ పరీక్షకి 150 ఇచ్చాం, వెనక బ్రేక్ ప్యాడ్లు, ముసలి బ్యాటరీ తప్ప ఏమీ లేదన్నాడు.

కాగితాలు తేలికే. టైటిల్ మార్పిడికి 130-యూ ఫారం, సంతకం చేసిన టైటిల్, కౌంటీ ఆఫీసులో 6.25 శాతం పన్ను, 575 డాలర్లు. బయటి మనిషి దగ్గర కొంటే ధర తక్కువ రాసి పన్ను ఎగ్గొట్టడం ఇక్కడ కుదరదు, వాళ్ళ లెక్కలో బండి విలువకి 80 శాతం కన్నా తక్కువ చూపిస్తే ఆ 80 శాతం మీదే కట్టించుకుంటారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది. నాలుగు కొత్త టైర్లకి 760. హిచ్, ఏడు పిన్నుల వైరింగ్, ట్రైలర్ బ్రేకుల్ని వ్యానులోంచి నడిపే కంట్రోలర్ కలిపి 620. మొత్తం పదకొండు వేల మూడు వందలు దాటింది, బ్యాటరీ, ప్యాడ్లు వేయించాక పన్నెండుకి కాస్త ఇవతల ఆగింది.

ఇక్కడ మాకు తగిలిన ఓ దెబ్బ. వ్యాను గరిష్ఠ బరువు 9,600, ట్రైలర్‌ది 2,990, కలిపితే 12,590. వ్యాపారం కోసం రాష్ట్రాలు దాటుతూ తిరిగే జత 10,001 పౌండ్లకి చేరితే ఫెడరల్ లెక్కలో అది కమర్షియల్ వాహనం. రవాణా శాఖ దగ్గర యూఎస్‌డాట్ నంబర్ తీసుకోవాలి, నడిపేవాళ్ళకి మెడికల్ కార్డు ఉండాలి, బండికి రెండు పక్కలా పేరూ నంబరూ రాయించాలి. లైసెన్సు మాత్రం మామూలుదే చాలు, సీడీఎల్ అనే కమర్షియల్ లైసెన్సు 26 వేలు దాటితేనే. సియన్నాతో వెళ్ళి ఉంటే ఈ గొడవేమీ లేదు, రెండూ కలిపినా తొమ్మిది వేలకి లోపే. అంటే నడుం విరిగేలా లోడు వేసుకున్న చిన్న బండిని ఎవరూ పట్టించుకోరు, తీరిగ్గా మోసే పెద్ద బండికి నిబంధనలన్నీ. ఇన్సూరెన్సు ఏజెంటు మాటల్లో మాటగా చెప్పబట్టి తెలిసింది, లేకపోతే ఏదో ఊళ్ళో తూకం దగ్గర ఆపేవాళ్ళు. నంబరు ఉచితమే. మా ఆయనకి బీపీ ఉందని మెడికల్ కార్డు ఏడాదికే ఇచ్చారు. వ్యాను మీద నా స్టాల్ పేరు పడింది, అది చూసి మా అబ్బాయి "అమ్మా, సీఈవో" అని ఫోటో పెట్టాడు, సరే.

లోపలి పని పెద్దగా చెప్పుకునేది లేదు, ప్లైవుడ్ మంచం, కింద డ్రాయర్లు, పైన గాలి ఫ్యాను, కార్బన్ మోనాక్సైడ్ అలారం. కానీ పెట్టే ప్రతి వస్తువునీ తూచి పుస్తకంలో రాశాను. నీళ్ళు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, ఇరవై గ్యాలన్లంటే ఓ మనిషి అదనంగా ఎక్కినట్టే. లిథియం బ్యాటరీ పాతికకి అటూఇటూ, పాత రకం అయితే అరవై దాటేది. బియ్యం బస్తా ఇరవై. ఆవకాయ, గోంగూర, పొడులూ కలిపి పద్నాలుగు, ఆయన నమ్మలేదు, మళ్ళీ తూచి చూపించాను. వెట్ గ్రైండర్ ఇరవై ఏడు పౌండ్లు. దీని మీద రెండు రోజులు మాటల్లేవు. చివరికి గ్రైండర్ ఆగింది, మిక్సీ ఎక్కింది, ఆయన డంబెల్స్ దిగాయి.

మొదటి ప్రయాణం ఏప్రిల్‌లో, హ్యూస్టన్ వైపు. ఐ-45 మీద గంటకి అరవై దాటగానే వెనక ట్రైలర్ తోక ఊపడం మొదలైంది. ముందు చిన్నగా, ఓ పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్ళాక వ్యాను వెనకభాగాన్నే పట్టి ఊపేసింది. నా చేతులు చల్లబడ్డాయి. ఆయన బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, కంట్రోలర్ మీద ట్రైలర్ బ్రేకు మాత్రం వేలితో నొక్కాడు, యూట్యూబ్ చలవ. నలభై ఐదు మీద పాకుతూ తర్వాతి ట్రక్ స్టాప్‌కి వెళ్ళి తూకం ఎక్కాం. క్యాట్ స్కేల్ అంటారు, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు విడివిడిగా తూచి చీటీ ఇస్తుంది. ట్రైలర్ విప్పేసి వ్యాను ఒక్కదాన్నీ తూస్తే 7,060. తగిలించి తూస్తే వ్యాను ఇరుసుల మీద 7,200, ట్రైలర్ ఇరుసు మీద 2,680. అంటే ముక్కు మీద 140 పౌండ్లే, 2,820కి ఐదు శాతం. కనీసం పది ఉండాలి.

తప్పు నాదే. స్టాల్ దగ్గర వెనక తలుపు తీయగానే చీరలు చేతికందాలని పెట్టెలన్నీ వెనక పెట్టించాను, తేలిక సామాను ముందు. ఆ ట్రక్ స్టాప్‌లోనే, డీజిల్ వాసనలో, ఏడు వందల చీరలు దింపి బరువులో అరవై పాళ్ళు ఇరుసుకి ముందు వచ్చేలా మళ్ళీ సర్దాం. ఓ సర్దార్జీ ట్రక్ డ్రైవరు వచ్చి సాయం పట్టి, పోతూ పోతూ ఓ వెంకటగిరి కొనుక్కెళ్ళాడు వాళ్ళావిడకి. మళ్ళీ తూస్తే 7,400, 2,480. ముక్కు మీద 340, పన్నెండు శాతం. ఆ తర్వాత డెబ్బైలో కూడా కదల్లేదు. ఆ రెండు చీటీలూ డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపి ఉంచాను.

జూలైలో తెలుగు సంఘం తానా సభలకి మిషిగన్ నోవై వెళ్ళాం, పోను పన్నెండు వందల మైళ్ళు. అదే వారాంతంలో టాంపాలో ఇంకో సంఘం నాట్స్ సంబరాలు. రెండు చోట్లా స్టాల్ అడిగారు, ట్రైలర్ ఒక్కటే కదా, మన సంఘాలు ఈ ఒక్క విషయంలో చీరలవాళ్ళని కాస్త సంప్రదిస్తే బాగుండు. ట్రైలర్‌తో గ్యాలన్‌కి పదిన్నర మైళ్ళు వస్తోంది, ఆ బాధ ఉంది. నాష్‌విల్ నుంచి అట్లాంటా వెళ్ళేటప్పుడు ఐ-24 మీద మాంటీగిల్ కొండ దిగడానికి భయపడ్డాం గానీ బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ బటన్ నొక్కి కింది గేర్‌లో వదిలితే ఏడుపు గొట్టు మొహంతో అయినా నెమ్మదిగా దిగింది, మొహం నాది. రాత్రుళ్ళు ఎక్కువగా గుడి పార్కింగ్‌లోనే, ముందే ఫోన్ చేసి అడిగి. పొద్దున్నే సుప్రభాతానికి లేవక తప్పదు. దారిలో రెస్ట్ ఏరియాలు, టెక్సస్‌వైతే 24 గంటల దాకా ఆగనిస్తారు. ముప్పై ఆరడుగుల బండిని వెనక్కి తీయడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, స్టీరింగ్ కింది భాగం పట్టుకుని ట్రైలర్ ఎటు వెళ్ళాలో చెయ్యి అటు జరపాలి అని తెలుసు, చెయ్యి వినదు.

పదిహేను సీట్లలో తీసేసిన నాలుగు బెంచీలు ప్లేనోలో మా స్నేహితుల గరాజ్‌లో ఉన్నాయి, వారంలో తీసేస్తామని చెప్పి పెట్టాం. ఆ ఇంటి వదిన ఫోన్ చేసినప్పుడల్లా చీరల కబుర్లన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "అన్నట్టు ఆ సీట్ల సంగతి" అంటుంది.